ఫ్రాంచైజ్ హాకీ మేనేజర్: కుర్ర డిఫెండర్లను అమ్ముకోని వారి కోసం

ఐస్ హాకీ జట్టుకు జనరల్ మేనేజర్‌గా కూర్చుని ఆటగాళ్ళను ఎంపిక చేయడం, జీతాలు ఖరారు చేయడం, ఇతర జట్లతో బేరాలాడడం వంటి పనులన్నీ మన చేత చేయించే కంప్యూటర్ గేమ్ ‘ఫ్రాంచైజ్ హాకీ మేనేజర్’. బేస్‌బాల్ మేనేజర్ గేమ్‌తో పేరు తెచ్చుకున్న అవుట్ ఆఫ్ ది పార్క్ డెవలప్‌మెంట్స్ సంస్థ దీన్ని 2013లో మొదటిసారి విడుదల చేసింది. ఆ తరువాత దాదాపు ఏటా ఒక కొత్త సంచిక వస్తోంది. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో రూపాయల్లోనే కొనుక్కోవచ్చు, యూపీఐతో చెల్లించవచ్చు, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ ఆడుకోవచ్చు. తెరిచింది మొదలు మూసే దాకా ప్రధానంగా కనిపించేవి పేర్లు, అంకెలు, పట్టికలు, నివేదికలు. స్కేట్లు కట్టుకున్న బొమ్మను ఉరికించి గోల్ కొట్టించాలని ముచ్చటపడేవారు వేరే గేమ్ చూసుకోవాలి. పట్టికలంటే విసుగు లేని నాలాంటివారికి మాత్రం ఇది ఒక చిక్కుముడిని చేతికిచ్చి కూర్చోబెడుతుంది. ఇంకా పూర్తిగా చేతికి రాని కుర్ర డిఫెండర్‌ను నమ్మి అట్టిపెట్టుకోవాలా, లేక అతన్ని ఇచ్చేసి ఇప్పటికే పేరున్న ఆటగాణ్ణి తెచ్చుకోవాలా అన్నదే ఆ చిక్కుముడి. మిగతా హంగులు మేనేజర్ గేములు ఆడిన అలవాటున్నవారికి కొత్తగా అనిపించవు కనుక ఈ సమీక్షలో నేను చాలావరకు ఆ ఒక్క వైపు నుంచే గేమ్‌ను పరిశీలిస్తున్నాను.

అనంతపురంలో హాకీ అనగానే ఎవరికైనా గుర్తుకు వచ్చేది ఆర్డీటీ వారి స్పోర్ట్స్ విలేజ్‌లో పిల్లలు నేర్చుకునే మైదానపు హాకీ. మంచు మీద ఆడే హాకీ మన ఊరికి ఇంటర్నెట్ ద్వారా మాత్రమే వచ్చింది. తూర్పు అమెరికాలో రాత్రి ఏడు గంటలకు మొదలయ్యే ఆట చలికాలంలో మనకు తెల్లవారుజామున అయిదున్నరకు మొదలవుతుంది కాబట్టి, పొద్దున్నే నీళ్ళు పట్టుకోవడానికి లేచే అలవాటున్న ఇళ్ళవారికి ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్) చూడడం అంత కష్టమేమీ కాదు. పక్ అనే రబ్బరు బిళ్ళను తరిమే ఈ క్రీడ తెలియని పాఠకుల కోసం ఒక మాట చెప్పాలి. రెండు వందల అడుగుల పొడవు, ఎనభై అయిదు అడుగుల వెడల్పు ఉన్న మంచు మైదానంలో ఒక్కో జట్టు తరఫున గోల్‌కీపర్ కాక ముగ్గురు ఫార్వర్డ్‌లు, ఇద్దరు డిఫెండర్లు ఉంటారు. డిఫెండర్ల ఒక్కో జోడీ ముప్పావు నిమిషం పాటు ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి ఆడి బెంచీకి తిరిగి వెళ్తుంది, దాని స్థానంలోకి మరో జోడీ దిగుతుంది. ఒక ఆటకు సాధారణంగా ఆరుగురు డిఫెండర్లు, అంటే మూడు జోడీలు, సిద్ధంగా ఉంటారు. ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లు, 2025-26 దాకా ఒక్కో జట్టుకు సీజన్‌లో 82 లీగ్ ఆటలు ఉండేవి.

డిఫెండర్లు ఫార్వర్డ్‌ల కంటే ఆలస్యంగా పక్వానికి వస్తారన్నది ఈ క్రీడలో అనుభవజ్ఞులందరూ ఒప్పుకునే సంగతి, దానికి కారణాలు కూడా స్పష్టంగానే ఉన్నాయి. ఫార్వర్డ్ తప్పు చేస్తే అతని వెనుక ఇద్దరు డిఫెండర్లు, ఒక గోల్‌కీపర్ ఉంటారు. డిఫెండర్ తప్పు చేస్తే వెనుక గోల్‌కీపర్ ఒక్కడే. ఎదుటివాడు ముఖం ముందుకు పెట్టి వేగంగా దూసుకువస్తుంటే, ఇతడు వెనక్కి స్కేటింగ్ చేస్తూ, ఇద్దరి మధ్య దూరం ఎంత ఉంచాలో క్షణక్షణానికీ లెక్కకట్టుకుంటూ, పక్కనున్న జోడీ ఆటగాడు ఎక్కడున్నాడో చూసుకుంటూ ఉండాలి. మూలలో పక్ దొరికితే వీపు మీద ఎదుటి ఆటగాడి బరువు పడకముందే తల తిప్పి చూసి, సరైన వైపు పాస్ ఇవ్వాలి. పద్ధెనిమిదేళ్ళకు డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రవాళ్ళను ఎంచుకునే ఏటేటి కార్యక్రమంలో, ఎంపికైన కుర్రవాడికి కాళ్ళలో వేగం ఉండవచ్చు, చేతిలో నైపుణ్యం ఉండవచ్చు, కానీ ముప్పై ఏళ్ళ వయసున్న మొండి ఫార్వర్డ్‌ను గోల్ ముందు నుంచి పక్కకు నెట్టే దేహబలం, ఆట రాబోయే రెండు క్షణాల్లో ఎటు తిరుగుతుందో పసిగట్టే చూపు వెంటనే రావు. అందుకే రెండు వందల ఆటలు ఆడే దాకా డిఫెండర్ మీద తీర్పు చెప్పకూడదని అక్కడి పాతకాపులు అంటుంటారు. మా వైపు చీనీ తోట పెట్టిన రైతు కూడా నాలుగైదేళ్ళు నీళ్ళు కట్టి, ఎరువు వేసి, కాపు కోసం కాచుకుంటాడు. మూడో ఏట కొమ్మల్లో కాయ కనపడలేదని తోట అమ్ముకుంటే కాపు కొన్నవాడి ఇంటికి పోతుంది.

గేమ్ ఈ నిదానాన్ని ఎలా చూపిస్తుందన్నది మెచ్చుకోదగిన సంగతి. ప్రతి ఆటగాడికీ ఇప్పటి సామర్థ్యం ఇన్ని నక్షత్రాలు, రేపటి అవకాశం ఇన్ని నక్షత్రాలు అని రెండు వరుసలు కనిపిస్తాయి. అయితే ఆ నక్షత్రాలు మన స్కౌట్‌ల (ఆటగాళ్ళను గమనించి సత్తా లెక్కకట్టేవారి) అంచనాలే తప్ప సత్యాలు కావు. స్కౌట్ సమర్థుడైతే అంచనా నిజానికి దగ్గరగా ఉంటుంది, లేకపోతే తప్పుతుంది. నాలుగు నక్షత్రాల భవిష్యత్తు ఉందని చెప్పిన కుర్రవాడు ఏడాది గడిచేసరికి మూడుకు దిగవచ్చు, ఎవరూ పట్టించుకోని వాడు పైకి రావచ్చు. కుర్రవాణ్ణి ఎన్‌హెచ్‌ఎల్ జట్టులోనే ఉంచి మూడో జోడీలో కొద్ది నిమిషాలు ఆడించాలా, లేక అమెరికన్ హాకీ లీగ్‌లోని అనుబంధ జట్టుకు పంపి అక్కడ రోజూ పెద్ద బాధ్యత మోయించాలా అన్నది మనమే తేల్చుకోవాలి. కొన్నేళ్ళు గడిచాక అతణ్ణి కింది జట్టుకు పంపాలంటే వేవర్స్ అనే అడ్డంకి వస్తుంది, అంటే మిగతా జట్లలో ఎవరైనా అతన్ని ఊరికే ఎత్తుకుపోవచ్చు. ఈ గడువు తలపై ఉండడం వల్ల ‘ఇంకొంత కాలం చూద్దాం’ అనుకునే వీలు ఎల్లకాలమూ ఉండదు. నిజమైన మేనేజర్ల ఒత్తిడి ఎక్కడ నుంచి పుడుతుందో ఈ ఒక్క నిబంధన అర్థం చేయించినంతగా ఏ వ్యాసమూ నాకు అర్థం చేయించలేదు.

డబ్బు లెక్క దీనికి తోడవుతుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో జట్టు మొత్తం జీతాలకు గట్టి పరిమితి ఉంది. 2024-25 సీజన్‌లో అది 8.8 కోట్ల డాలర్లు, 2025-26లో 9.55 కోట్ల డాలర్లు. కొత్తగా వచ్చిన కుర్రవాడి తొలి ఒప్పందం సాధారణంగా మూడేళ్ళది, దాని మీద జీతానికి ఒక గరిష్ఠ హద్దు ఉంటుంది. దానికి ఎదురుగా, పేరున్న డిఫెండర్ ఒక్కడే ఏడాదికి తొంభై లక్షల డాలర్లు దాటి తీసుకోవచ్చు. ఆ తేడాతో మరో మంచి ఫార్వర్డ్‌నో, గోల్‌కీపర్‌నో కొనుక్కోవచ్చు కాబట్టి, సగటు స్థాయికి మాత్రమే ఎదిగిన కుర్ర డిఫెండర్ కూడా ఆ మూడేళ్ళలో తన జీతానికి మించిన లాభం జట్టుకు ఇస్తాడు. గేమ్‌లో జీతాల పట్టికను నాలుగేళ్ళ ముందుకు జరిపి చూస్తే ఇది కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. నా దృష్టిలో మొత్తం గేమ్‌లోని అతి విలువైన పేజీ అదే, కానీ కొత్తవాళ్ళు దాన్ని తెరవనే తెరవరు.

అసలు పరీక్ష మార్చి మొదట్లో, జట్లు ఆటగాళ్ళను ఇచ్చిపుచ్చుకునే ట్రేడ్‌లకు గడువు దగ్గరపడినప్పుడు వస్తుంది. నేను కొలంబస్ జట్టును నడుపుతున్నాను. కడపలో ఉండే మా చిన్నాన్న కొడుకు వేరే కంప్యూటర్‌లో వేరే జట్టును నడుపుతూ, రోజూ రాత్రి ఫోన్‌లో నా జట్టుకు కూడా సలహాలు చెబుతుంటాడు. రెండో రౌండులో ఎంపిక చేసిన ఫిన్లాండ్ కుర్రవాడొకడు నా జట్టులో ఉన్నాడు. ఇప్పటికి రెండున్నర నక్షత్రాలు, రేపటికి నాలుగు. ప్లేఆఫ్ (లీగ్ ఆటల తరువాత కప్పు కోసం జరిగే పోటీలు) స్థానానికి పోటీలో ఉండగా, ఒక జట్టు ముప్పై ఒక్కేళ్ళ అనుభవజ్ఞుణ్ణి ఇస్తామని, బదులుగా ఈ కుర్రవాణ్ణి, ఒక డ్రాఫ్ట్ ఎంపికను అడిగింది. “ఇచ్చేయి న్నా, వాడికి ఇరవై ఏళ్ళే, మనకు ఆట కావాల్సింది ఈ ఏడాది” అన్నాడు తమ్ముడు. “ఈ ముసలాయన ఒప్పందం వచ్చే జూన్‌లో అయిపోతాది రా, అప్పుడు రెండో జోడీలో ఎవర్ని ఆడిస్తాం?” అని అడిగితే, “అప్పుడు ఇంకొకర్ని కొందాం లే” అన్నాడు. ఎన్‌హెచ్‌ఎల్ చరిత్రలో ఎన్ని జట్లు ఈ ‘ఇంకొకర్ని కొందాం లే’ అనే మాట మీద నడిచి గుల్లయ్యాయో గేమ్‌లోని హిస్టారికల్ మోడ్ తెరిస్తే తెలుస్తుంది.

ఈ మోడ్‌లో, లీగ్ మొదలైన 1917 నుంచి ఏ సీజన్‌తోనైనా ఆట ప్రారంభించవచ్చు. నేను మొదట ఎంచుకున్నది 1989 నాటి టొరంటో. ఆ ఏడాది అక్టోబరులో టొరంటో మేపుల్ లీఫ్స్ జట్టు టామ్ కర్వర్స్ అనే డిఫెండర్ కోసం 1991 డ్రాఫ్ట్‌లో తనకు రావలసిన మొదటి రౌండు ఎంపికను న్యూజెర్సీ డెవిల్స్‌కు ఇచ్చేసింది. కర్వర్స్ పనికిమాలిన ఆటగాడేమీ కాదు, పక్‌ను ముందుకు నడిపించగల నేర్పరి. కానీ 1991 జనవరికల్లా టొరంటో అతన్ని వాంకూవర్‌కు పంపించేసింది, ఆ జూన్‌లో అదే ఎంపిక డ్రాఫ్ట్‌లో మూడో స్థానంగా తేలింది. ఆ స్థానంలో న్యూజెర్సీ తీసుకున్న కుర్రవాడు స్కాట్ నీడర్‌మేయర్. అతడు న్యూజెర్సీకి 1995, 2000, 2003 సంవత్సరాల్లో లీగ్ విజేతకు దక్కే స్టాన్లీ కప్పు గెలిపించిన జట్లలో ఉన్నాడు, 2004లో ఉత్తమ డిఫెండర్‌కు ఇచ్చే నారిస్ ట్రోఫీ అందుకున్నాడు, 2007లో అనహైమ్ నాయకుడిగా మరో కప్పు ఎత్తాడు. అంటే ఎంపిక చేతికి రావలసిన రోజుకు టొరంటో దగ్గర కొన్న ఆటగాడూ లేడు, పెరగవలసిన ఆటగాడూ లేడు. ఇటువంటి బేరాల్లోని నష్టం ఒక్కసారిగా కాక రెండు వాయిదాల్లో తెలుస్తుందన్నది నేను ఇక్కడ గమనించిన సంగతి.

మాంట్రియల్ జట్టుతో 2009లో మొదలుపెట్టినా దాదాపు ఇదే కనిపిస్తుంది. 2007 డ్రాఫ్ట్‌లో పన్నెండో స్థానంలో తీసుకున్న రయన్ మెక్‌డొనా అప్పటికి ఇంకా విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆడుకుంటున్నాడు, ఎన్‌హెచ్‌ఎల్ మంచు మీద కాలు పెట్టలేదు. 2009 జూన్ 30న మాంట్రియల్ అతన్ని మరికొందరితో కలిపి న్యూయార్క్ రేంజర్స్‌కు ఇచ్చి, భారీ ఒప్పందం ఉన్న సెంటర్ ఆటగాడు (మధ్యలో ఆడే ఫార్వర్డ్) స్కాట్ గోమెజ్‌ను తెచ్చుకుంది. గోమెజ్ ఏడాదికి పైగా ఒక్క గోల్ కూడా కొట్టలేని స్థితికి వచ్చాడు, చివరికి 2013లో జట్టు అతని ఒప్పందాన్ని డబ్బు చెల్లించి రద్దు చేసుకుంది. మెక్‌డొనా రేంజర్స్‌కు కెప్టెన్ అయ్యాడు, తరువాత టాంపా బే జట్టుతో 2020, 2021 కప్పులు గెలిచాడు. అవే రెండు కప్పుల్లో అతనితో పాటు ఉన్న మరో డిఫెండర్ మిఖాయిల్ సెర్గచోవ్. విచిత్రమేమిటంటే, 2016లో తొమ్మిదో స్థానంలో అతన్ని ఎంపిక చేసి, ఏడాది తిరగకముందే జోనథాన్ డ్రువాన్ అనే ఫార్వర్డ్ కోసం టాంపాకు ఇచ్చేసింది కూడా మాంట్రియలే. ఒకే జట్టు రెండుసార్లు కుర్ర డిఫెండర్‌ను ఇచ్చి పేరున్న ఫార్వర్డ్‌ను తెచ్చుకుంది, ఆ ఇద్దరు కుర్రవాళ్ళూ వేరే ఊళ్ళో ఒకే డ్రెస్సింగ్ గదిలో కప్పు పట్టుకున్నారు. హార్ట్‌ఫర్డ్ జట్టు 1995లో ఇరవై ఏళ్ళ క్రిస్ ప్రోంగర్‌ను బ్రెండన్ షనహాన్ కోసం ఇచ్చేసినదీ ఇలాంటి కథే. ప్రోంగర్ 2000లో నారిస్ ట్రోఫీతో పాటు లీగ్ మొత్తంలో అత్యంత విలువైన ఆటగాడికి ఇచ్చే హార్ట్ ట్రోఫీని కూడా గెలిచాడు. బాబీ ఓర్ 1972లో అందుకున్న తరువాత డిఫెండర్ ఒకడు ఆ ట్రోఫీ గెలవడం అదే మొదటిసారి.

అయితే హిస్టారికల్ మోడ్‌లో ఒక లోపం తప్పదు, అది గేమ్ తయారుచేసినవారి లోపం కాదు. జరిగినదేమిటో మనకు ముందే తెలుసు కనుక నీడర్‌మేయర్‌ను అట్టిపెట్టుకోవడానికి ధైర్యం అక్కర్లేదు. నమ్మకం అనేది ఫలితం తెలియనప్పుడే పరీక్షకు నిలబడుతుంది. అందుకే ఈ సమీక్ష చదివి గేమ్ కొనేవారికి నా సిఫారసు ఒక్కటే: చరిత్రను వినోదం కోసం ఆడండి, కానీ అసలు ఆట ప్రస్తుత సీజన్‌తో మొదలుపెట్టి, నాలుగైదేళ్ళు ముందుకు నడపండి. అప్పటికి డ్రాఫ్ట్‌లో వచ్చే పిల్లలందరూ గేమ్ తనంతట తాను పుట్టించినవాళ్ళు అవుతారు. వాళ్ళ భవిష్యత్తు ఇంటర్నెట్‌లో ఎక్కడా దొరకదు.

నమ్మిన ప్రతి కుర్రవాడూ నిలబడతాడని గేమ్ చెప్పదు, అలా చెప్పకపోవడమే దాని నిజాయితీ. 2012 డ్రాఫ్ట్‌ను ఉదాహరణగా తీసుకుంటే మొదటి పది స్థానాల్లో ఎనిమిది మంది డిఫెండర్లే. వారిలో మోర్గన్ రైలీ, హంపస్ లిండ్‌హోమ్, జేకబ్ ట్రూబా, మాట్ డుంబా దీర్ఘకాలం నిలిచారు. రెండో స్థానంలో వచ్చిన రయన్ మరే గాయాలతో సతమతమయ్యాడు. డెరిక్ పూలియో, స్లేటర్ కుకూ ఆశించిన ఎత్తు అందుకోలేదు. నాలుగో స్థానంలో న్యూయార్క్ ఐలాండర్స్ తీసుకున్న గ్రిఫిన్ రైన్‌హార్ట్ కథ మరీ ప్రత్యేకమైనది. 2015 డ్రాఫ్ట్ సమయంలో ఎడ్మంటన్ జట్టు అతని కోసం 16వ, 33వ ఎంపికలను ఇచ్చింది. 16వ స్థానంలో ఐలాండర్స్ తీసుకున్న మాథ్యూ బార్జల్ 2018లో ఉత్తమ కొత్త ఆటగాడిగా కాల్డర్ ట్రోఫీ గెలిచాడు, రైన్‌హార్ట్ ఎడ్మంటన్ తరఫున ముప్పై ఆటలు కూడా ఆడలేదు. ఇక్కడ మోసపోయింది కుర్ర డిఫెండర్‌ను వదులుకున్న జట్టు కాదు, కొనుక్కున్న జట్టు. కాబట్టి ‘యువకుడు’ అన్న మాటకే విలువ కట్టడం సరికాదు. మన స్కౌట్ రోజూ చూసి నిదానంగా ఎదుగుతున్నాడని చెబుతున్న పిల్లవాడు వేరు, పక్క జట్టు అమ్మజూపుతున్న పిల్లవాడు వేరు. వాణ్ణి దగ్గర నుంచి చూసినవాళ్ళు ఎందుకు అమ్ముతున్నారో ఒకసారి ఆలోచించుకోవాలి. గేమ్‌లో సొంత జట్టు కుర్రవాళ్ళ మీద మనకుండే సమాచారం సాధారణంగా బయటివారి మీద ఉండే సమాచారం కంటే నమ్మదగినదిగా ఉంటుంది. ఈ చిన్న అసమానతే ట్రేడ్ కంటే పెంపకం వైపు తూకం మొగ్గడానికి బలమైన కారణమని నా అభిప్రాయం.

ఎంత పైన ఎంపికయ్యాడన్నది కూడా ఎప్పుడూ పూర్తి కథ చెప్పదు. డెట్రాయిట్ జట్టుకు నాలుగు కప్పులు తెచ్చి, ఏడు నారిస్ ట్రోఫీలు గెలిచిన నిక్లాస్ లిడ్‌స్ట్రోమ్ 1989లో 53వ స్థానంలో ఎంపికయ్యాడు. మాంట్రియల్ జట్టు 2022లో 62వ స్థానంలో తీసుకున్న లేన్ హట్సన్ పొట్టివాడని చాలామంది సందేహించారు; 2024-25లో అతడు 66 పాయింట్లు (గోల్స్, గోల్‌కు సాయపడిన పాస్‌లు కలిపి) సాధించి కాల్డర్ ట్రోఫీ గెలిచాడు. పైన చెప్పిన రెండు బేరాలు చేసిన మాంట్రియలే ఈసారి వేచి ఉండడం నేర్చుకున్నట్టుంది.

సొంతంగా పెంచుకున్న జట్టుకు ఇంకో లాభం కూడా ఉందని నాష్‌విల్ చరిత్ర చెబుతుంది. షే వెబర్‌ను 49వ స్థానంలో, రోమన్ యోసిని 38వ స్థానంలో, మతియాస్ ఎక్‌హోమ్‌ను 102వ స్థానంలో తీసుకుని పెంచిన జట్టు అది. ఇంట్లో ఇంతమంది ఉన్నారు కాబట్టే 2016 జనవరిలో సెత్ జోన్స్ అనే ఇరవై ఒక్కేళ్ళ డిఫెండర్‌ను కొలంబస్‌కు ఇచ్చి, తనకు కొరతగా ఉన్న సెంటర్ ఆటగాడు రయన్ జోహాన్సన్‌ను తెచ్చుకోగలిగింది. కుర్ర డిఫెండర్‌ను అమ్మే హక్కు అలాంటి ఇల్లు నిండిన జట్టుకు మాత్రమే ఉందని నేను భావిస్తాను. ఆ జోన్స్ ప్రయాణమే తరువాత ఎన్ని మలుపులు తిరిగిందో చూడండి. 2021లో కొలంబస్ అతన్ని షికాగోకు ఇచ్చి, ఆడం బోక్విస్ట్ అనే మరో కుర్ర డిఫెండర్‌తో పాటు మొదటి రౌండు ఎంపికలు తెచ్చుకుంది. షికాగో అతనికి ఎనిమిదేళ్ళకు ఏడాదికి 95 లక్షల డాలర్ల చొప్పున ఒప్పందం రాసి ఇచ్చింది. ఆ ఎంపికల్లో ఒకదానితో కొలంబస్ 2022లో ఆరో స్థానంలో డేవిడ్ ఇర్జిచెక్ అనే చెక్ డిఫెండర్‌ను తీసుకుంది. మళ్ళీ 2024 నవంబరు చివరన, అతడు పూర్తిగా స్థిరపడకముందే, అతన్ని మిన్నెసోటాకు ఇచ్చేసింది. జోన్స్ మాత్రం 2025 మార్చిలో ఫ్లోరిడాకు చేరి, ఆ జూన్‌లో కప్పు ఎత్తాడు. నేను గేమ్‌లో కొలంబస్‌నే ఎంచుకోవడానికి కారణం ఈ గొలుసే; ఒక కుర్రవాణ్ణి ఇచ్చి తెచ్చుకున్న కుర్రవాణ్ణి కూడా నిలబెట్టుకోని జట్టును నా పద్ధతిలో నడిపితే ఏమవుతుందో చూడాలనిపించింది.

ట్రేడ్ మీద నాకు ద్వేషమేమీ లేదు. అనహైమ్ జట్టు 2006లో ప్రోంగర్‌ను తెచ్చుకోవడానికి లాడిస్లావ్ స్మిడ్ అనే యువ డిఫెండర్‌ను, జాఫ్రీ లుపుల్‌ను, డ్రాఫ్ట్ ఎంపికలను ఎడ్మంటన్‌కు ఇచ్చింది, మరుసటి ఏడాదే కప్పు గెలిచింది. కొలరాడో 2020లో రెండు రెండో రౌండు ఎంపికలకే డెవాన్ టేవ్స్‌ను సంపాదించుకుంది, ఎందుకంటే ఐలాండర్స్‌కు జీతాల పరిమితిలో చోటు చాలలేదు. 2022లో కప్పు గెలిచిన కొలరాడోలో టేవ్స్ పక్కన ఆడింది 2017లో నాలుగో స్థానంలో ఎంపికై, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో రెండేళ్ళు ఆడి, తొందరపడకుండా వచ్చిన కేల్ మకార్. ఆ ఏడాది నారిస్ ట్రోఫీ, ప్లేఆఫ్‌లలో ఉత్తమ ఆటగాడి ట్రోఫీ రెండూ అతనివే. అంటే సొంతంగా పెరిగిన మూలస్తంభం ఒకటి ఉన్నప్పుడు, ఎదుటి జట్టు డబ్బు ఇబ్బందిని కనిపెట్టి చేసిన చవక ట్రేడ్ దాని పక్కన చక్కగా అమరింది. మొదట స్తంభం కావాలి. తమ్ముడు ఈ క్రమాన్ని ఎప్పుడూ తలకిందులు చేస్తాడు.

మా ఫిన్లాండ్ కుర్రవాడి సంగతి కూడా చెప్పాలి. అతన్ని ఇవ్వలేదు. ఆ ఏడాది ప్లేఆఫ్‌కు వెళ్ళలేదు, కడప నుంచి ఎత్తిపొడుపులు చాలానే వచ్చాయి. అతణ్ణి ఒక సీజన్ అనుబంధ జట్టులో మొదటి జోడీలో ఆడించి, తరువాత పైకి తెచ్చాను. నాలుగు నక్షత్రాలు అందుకోలేదు. మూడున్నర దగ్గర ఆగిపోయాడు. రెండో జోడీలో నమ్మకంగా, పెనాల్టీ సమయాల్లో కూడా ఆడగల డిఫెండర్‌గా నిలబడ్డాడు. అతనితో పాటు పెంచిన మరో ఇద్దరిలో ఒకడు వేవర్స్‌లో పోయాడు, ఒకడు అసలు ఎన్‌హెచ్‌ఎల్‌కు రాలేదు. కానీ తొలి ఒప్పందం జీతంతో రెండో జోడీ నడవడం వల్ల మిగిలిన డబ్బుతో మొదటి వరుస సెంటర్‌ను నిలుపుకోగలిగాను. ఆ తరువాతి సీజన్‌లలో జట్టు ప్లేఆఫ్‌లకు క్రమంగా వెళ్ళింది. ఆ ముప్పై ఒక్కేళ్ళ అనుభవజ్ఞుడు, నేను వద్దన్న తరువాత వేరే జట్టుకు వెళ్ళి, రెండేళ్ళలో మూడో జోడీకి దిగిపోయాడు. ఇవన్నీ గేమ్ లెక్కలే, నిజ జీవితం కాదు. అయినా ఈ ఫలితాల్లో అతిశయోక్తి కనిపించలేదు. ముగ్గురిలో ఒకడు ఉపయోగపడడం నిజమైన డ్రాఫ్ట్‌ల అనుభవానికి దూరంగా లేదు.

గేమ్‌లో నన్ను నిరాశపరచినవి కూడా ఉన్నాయి. తెలుగులో లేదు, అది ఆశించినదీ కాదు. కానీ ఆంగ్లంలో చదువుకున్నవారిని కూడా మొదట్లో తెరల మీది అంకెల రద్దీ భయపెడుతుంది. ఏ పేజీ ముందు చూడాలో, ఏది వదిలేయవచ్చో చెప్పే తీరు ఇంకా మెరుగ్గా ఉండవచ్చు. డిఫెండర్ల జోడీల విషయంలో, ఇద్దరు ఆటగాళ్ళు నెలల తరబడి కలిసి ఆడితే ఒకరి అలవాట్లు ఒకరికి తెలిసి ఆట ఎలా మారుతుందన్నది అంకెల్లో కనిపించినంతగా మనసుకు పట్టదు. కుర్రవాడి తప్పు వల్ల ఓడిన రాత్రి ఊరంతా అతన్ని తిట్టడం, మరుసటి రోజు కోచ్ అతన్ని మళ్ళీ దించడానికి జంకడం వంటి ఒత్తిడి పట్టికల్లో ఇమడదు. నిజమైన మేనేజర్లు కుర్ర డిఫెండర్లను త్వరగా అమ్మేయడానికి సగం కారణం అదే అయి ఉంటుంది కనుక, ఇంట్లో కూర్చుని ఆడే మనకు ఓపిక కొంచెం సులువుగా దొరుకుతుందని ఒప్పుకోవాలి. ట్రేడ్‌ల విషయంలో ఇతర జట్లు ఎంత కఠినంగా బేరమాడాలో సెట్టింగ్స్‌లో మార్చుకునే వీలుంది; దాన్ని పైకి పెట్టి ఆడకపోతే అనుభవజ్ఞులు మరీ తేలికగా దొరికి, ఈ సమీక్షలో నేను చెప్పిన సందిగ్ధమంతా పలుచబడిపోతుంది.

కొనేముందు ఒక ఆచరణాత్మకమైన సంగతి. స్టీమ్‌లో కొన్న పద్నాలుగు రోజుల లోపు, రెండు గంటలకు మించి ఆడకపోతే డబ్బు వాపసు అడగవచ్చు. ఈ గేమ్‌లో రెండు గంటలు జీతాల పట్టిక అర్థం చేసుకోవడానికే సరిపోతాయి కాబట్టి, ఆ సమయాన్ని ఆటలు నడపడానికి ఖర్చు చేయకుండా, మీకు తెలిసిన జట్టును తెరిచి, దాని కుర్ర డిఫెండర్ల పేజీలు ఒక్కొక్కటిగా చదవండి. ఆ చదువు మీకు ఆసక్తిగా అనిపిస్తే గేమ్ ఉంచుకోండి, విసుగనిపిస్తే వాపసు చేయండి. సరికొత్త సంచికే కావాలన్న పట్టుదల అవసరం లేదు. కొత్తది రాగానే పాతవాటి ధర సాధారణంగా తగ్గుతుంది, ఇక్కడ చెప్పిన పెంపకం, వేవర్స్, జీతాల పరిమితి అన్నీ వాటిలోనూ ఉన్నాయి. పండుగ సమయాల్లో స్టీమ్ పెట్టే తగ్గింపు ధరల దాకా ఆగగలిగితే ఇంకా మంచిది. మామూలు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది, విడిగా గ్రాఫిక్స్ కార్డు కోసం ఖర్చు పెట్టనవసరం లేదు. వేసవిలో కరెంటు పోయి వచ్చే వీధుల్లో ఉండేవారు మాత్రం ఆటను తరచూ సేవ్ చేసుకునే అమరిక పెట్టుకోవడం మంచిది.